దారులు వేరైనా దస్తర్‌ఖాన్ ఒక్కటే
బెంగళూరు, కోలారు, కృష్ణగిరి పరిసరాల్లో కుటుంబమంతా కలిసి నడవదగిన చోట్లు



ఆదివారం పొద్దున నంది కొండ మీద కార్లు నిలిపే చోట ఒకసారి నిలబడి చూడండి. పిల్లలు, కుర్రాళ్ళు దిగి పరుగెడతారు. ఇంటి పెద్దాయన కెమెరా మెడలో వేసుకుని వెనకాల వెళతాడు. కొన్ని కార్లలో మాత్రం అద్దం సగం దించుకుని ఎవరో ఒకరు కూర్చునే ఉంటారు. అమ్మో, నానీయో, మోకాళ్ళు పట్టేసిన అబ్బాజానో అయి ఉంటారు. వాళ్ళ ఒడిలో టిఫిన్ డబ్బాల సంచి ఉంటుంది. "నాకు చేతకాదు బేటా, మీరు వెళ్ళి రండి" అని వాళ్ళే అన్నారు, మనం నమ్మేశాం.

మా దవాఖానాకు వచ్చే ఆడవాళ్ళలో చాలామంది చెప్పేది ఇదే. చక్కెర ఉంది, బరువు ఉంది, నడవమని డాక్టరు చెప్పారు, కానీ నడిచే చోటు లేదు, వెంట వచ్చే మనిషి లేడు. కుటుంబం కలిసి బయటికి వెళ్ళే ఒక్క రోజున కూడా కూర్చునే వంతు వాళ్ళదే. నడక ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్ళే కారులో ఉండిపోతే మందు ఇచ్చి ప్రయోజనమేమిటి?

అందుకని ఈ వారం మందుల సంగతి పక్కన పెట్టి, మన చుట్టుపక్కల ఉన్న కొండలు, తోటలు, కోటల్లో ఎవరి బలానికి ఏ దారి సరిపోతుందో చెప్పుకుందాం.

యునానీ వైద్యం నడకను ఎలా చూస్తుంది?

మనిషి ఆరోగ్యం ఆరు విషయాల మీద ఆధారపడి ఉంటుందని యునానీ హకీములు చెబుతారు. వీటిని 'అస్బాబె సిత్తా జరూరియా' అంటారు. గాలి, తిండీ నీళ్ళూ, శరీరానికి కదలికా విశ్రాంతీ, మనసుకు కదలికా విశ్రాంతీ, నిద్రా మెలకువా, శరీరంలో ఉండవలసినవి నిలవడం పోవలసినవి పోవడం – ఇవే ఆ ఆరు. కొండదారిలో ఒక పూట నడిస్తే ఈ ఆరూ ఒకేసారి చక్కబడతాయి. మంచి గాలి తగులుతుంది, ఆకలి వేస్తుంది, ఒళ్ళు కదులుతుంది, మనసు తేలికపడుతుంది, రాత్రి నిద్ర పడుతుంది, మరునాడు విరేచనం సాఫీగా అవుతుంది.

వ్యాయామాన్ని మనం 'రియాజత్' అంటాం. హకీం ఇబ్నె సీనా (980–1037) తన 'అల్ ఖానూన్'లో రియాజత్‌ను ఊపిరితో ముడిపెట్టి చెప్పారు. మన ఇష్టపూర్వకంగా చేసే కదలిక శ్వాసను లోతుగా, వరుసగా నడిపించినప్పుడే అది రియాజత్ అవుతుందని ఆయన భావం. ఎన్ని మైళ్ళు, ఎంత ఎత్తు అన్నది ఆ లెక్కలో లేదు. ఇరవై అయిదేళ్ళ కుర్రాడికి సావనదుర్గం ఎక్కితే వచ్చే ఊపిరి, అరవై అయిదేళ్ళ దాదీకి లాల్‌బాగ్‌లో చెరువు పక్కన పావుగంట నడిస్తేనే వస్తుంది. ఇద్దరూ చేసింది రియాజతే. ఇద్దరికీ ఫలితం ఉంది.

ఎప్పుడు ఆపాలన్నదీ పాత హకీములు చెప్పారు. ముఖం ఎర్రబారి కళకళలాడుతున్నంతసేపు, కాళ్ళూ చేతులూ తేలిగ్గా ఆడుతున్నంతసేపు నడవవచ్చు. ఒళ్ళు బరువెక్కినా, కాలు తడబడినా, ఊపిరి తెగితెగి వస్తున్నా ఆపాలి. నేటి వైద్యులు చెప్పే 'మాటల పరీక్ష' కూడా దీనికి దగ్గరిదే. నడుస్తూ పక్కవారితో మాట్లాడగలిగితే వేగం సరిగ్గా ఉన్నట్టు. మాట మధ్యలో ఊపిరి కోసం ఆగవలసి వస్తే వేగం తగ్గించాలి. పెద్దవాళ్ళు వారానికి కనీసం 150 నిమిషాలు ఒక మోస్తరు వేగంతో ఒళ్ళు కదిలించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. ఆదివారం ఒక్కరోజు కొండెక్కితే ఆ లెక్క తీరదు. మిగతా రోజుల్లో వీధి చివరి వరకైనా నడవాలి.

ముందు ఇంట్లోనే ఒక పరీక్ష

దారి ఎంచుకునే ముందు ఇంట్లో ఒక్కొక్కరినీ చూడండి. రెండు అంతస్తుల మెట్లు ఆగకుండా, మాట్లాడుతూ ఎక్కగలవారు మొదటి రకం. మధ్యలో ఒకసారి ఆగి ఎక్కేవారు రెండో రకం. కమ్మీ పట్టుకుని, మోకాలి మీద చెయ్యి పెట్టుకుని ఎక్కేవారు మూడో రకం. మెట్లే ఎక్కలేనివారు, చక్రాల కుర్చీలో ఉన్నవారు, చంటిపిల్లల తల్లులు, ఈమధ్యనే ఆపరేషన్ అయినవారు నాలుగో రకం.

మెట్లెక్కేటప్పుడు ఛాతీలో పట్టేసినట్టు ఉండటం, ఎడమ చెయ్యి గానీ దవడ గానీ లాగడం, కళ్ళు తిరగడం ఎవరికైనా ఉంటే వారు ఏ రకంలోకీ రారు. ముందు గుండె డాక్టరుకు చూపించాలి. ఆ తర్వాతే కొండ మాట. ఇది మగవాళ్ళు ముఖ్యంగా వినాలి. ఏడాది పొడుగునా కొట్లో గల్లా దగ్గర కూర్చుని, ఒక్కరోజు కొడుకుతో పంతానికి పోయి కొండెక్కే యాభై ఏళ్ళ మనిషి గురించే నా భయమంతా.

లాల్‌బాగ్: అందరికీ మొదటి బడి

నడక అలవాటు లేని కుటుంబం లాల్‌బాగ్‌తో మొదలుపెట్టడం మంచిది. హైదర్ అలీ 1760లో ఈ తోటకు పునాది వేశారు. టిప్పు సుల్తాన్ దాన్ని పెంచారు. ఇప్పుడు దాదాపు 240 ఎకరాల్లో ఉంది. మెట్రో స్టేషన్ తోట పక్కనే కాబట్టి సొంత బండి లేనివారికీ ఇబ్బంది లేదు.

లోపల వెడల్పాటి చదును దారులు ఉన్నాయి. చక్రాల కుర్చీ, పిల్లల తోపుడు బండి సులువుగా పోతాయి. నాలుగో రకం వారికి ఇంతకన్నా మంచి చోటు నేను చెప్పలేను. చెట్ల నీడ, కూర్చోవడానికి బల్లలు ఉండటం వల్ల ఐదు నిమిషాలు నడిచి, రెండు నిమిషాలు కూర్చుని, మళ్ళీ నడవవచ్చు. మూడో రకం వారు గాజు మేడ దగ్గర మొదలుపెట్టి చెరువు వరకు వెళ్ళి రావచ్చు.

మొదటి, రెండో రకాల వారికి తోటలోనే ఒక చిన్న కొండ ఉంది. కెంపేగౌడ బురుజు నిలబడి ఉన్న ఆ రాతి గుట్ట వయసు దాదాపు 300 కోట్ల సంవత్సరాలని భూగర్భ శాస్త్రవేత్తలు తేల్చారు. దాన్ని జాతీయ భూగర్భ స్మారకంగా కాపాడుతున్నారు. వాలు మెల్లగా ఉంటుంది. పిల్లలకు కొండెక్కడం నేర్పడానికి, పెద్దవాళ్ళు తమ ఊపిరిని పరీక్షించుకోవడానికి అనువైన చోటు. ఆగకుండా రెండుసార్లు ఎక్కి దిగగలిగితే అప్పుడు నంది కొండ గురించి ఆలోచించండి. వాన పడిన రోజున మాత్రం ఆ రాయి జారుతుంది.

నంది కొండ: రెండు దారులు, ఒకటే శిఖరం

బెంగళూరుకు సుమారు 60 కిలోమీటర్ల దూరంలో, చిక్కబళ్ళాపురం జిల్లాలో ఉన్న ఈ కొండ ఎత్తు 1478 మీటర్లు. పాలారు, ఉత్తర పినాకిని, దక్షిణ పినాకిని, అర్కావతి ఈ కొండల పరిసరాల్లోనే పుడతాయి. పాలారు మన వాణియంబాడి, ఆంబూరు, వేలూరుల మీదుగా పోతుంది. ఉత్తర పినాకిని అంటే మన పెన్నానదే. అనంతపురం, కడప జిల్లాలు దాటి నెల్లూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. పిల్లలకు ఈ సంగతి కొండ మీద నిలబెట్టి చెప్పండి, బాగా గుర్తుంటుంది.

ఈ కొండ కుటుంబాలకు ఎందుకు మంచిదంటే పైకి వెళ్ళడానికి రెండు దారులున్నాయి. ఒకటి మలుపులు తిరిగే తారు రోడ్డు. రెండోది కింద సుల్తాన్‌పేట వైపు నుంచి పైకి పోయే పాత రాతి మెట్ల దారి. వెయ్యికి పైగా మెట్లున్నాయి. మొదటి రకం వారు, నెలరోజులు సాధన చేసిన రెండో రకం వారు మెట్లదారిన ఎక్కవచ్చు. మిగతావారు వాహనంలో పైకి చేరి, అక్కడ చదునుగా ఉన్న దారుల్లో నడుస్తూ ఎదురు చూడవచ్చు. టిప్పు సుల్తాన్ వేసవి విడిది, కోట గోడలు, అమృత సరోవరం అన్నీ పైనే ఉన్నాయి. ఎక్కివచ్చిన వారు, నడుస్తూ ఉన్నవారు ఒక చెట్టు కింద కలిసి దస్తర్‌ఖాన్ పరుచుకోవచ్చు. అప్పుడు ఎవరూ కారులో మిగలరు.

మోకాళ్ళ సంగతి ఒకటి చెప్పాలి. ఎక్కడం ఊపిరికి పరీక్ష, దిగడం మోకాళ్ళకు పరీక్ష. దిగేటప్పుడు ప్రతి మెట్టు దగ్గరా శరీరం బరువంతా ఒక మోకాలి మీద పడుతుంది. మోకాళ్ళు కొద్దిగా నొప్పి ఉన్నవారు మెట్ల మీద ఎక్కి, వాహనంలో దిగడం తెలివైన పని. దిగవలసి వస్తే చేతికర్ర పట్టుకుని, అడ్డంగా అడుగులు వేస్తూ దిగాలి.

అందరూ సూర్యోదయం చూడాలని చీకట్లోనే బయలుదేరతారు. ఉబ్బసం ఉన్నవారికి, బల్గం తత్వం వారికి ఆ వేళ మంచిది కాదు. చలికాలంలో అక్కడి పొగమంచు, చల్లగాలి ఊపిరితిత్తుల్లో బిగుసుదనం తెస్తాయి. వాళ్ళు ఎండ కాస్త వచ్చాక పైకి చేరాలి. ముక్కు, చెవులు ఉన్ని గుడ్డతో కప్పుకోవాలి. డాక్టరు ఇచ్చిన పీల్చే మందు జేబులోనే ఉండాలి. సెలవు రోజుల్లో రద్దీ వల్ల వాహనాల మీద ఆంక్షలు పెడుతుంటారు. ముందు రోజే విచారించుకోండి. వీలైతే వారం మధ్యలో సెలవు చూసుకుని వెళ్ళండి.

కోలారు అంతరగంగె: మెట్లు కొన్ని, గుహలు కొందరికే

కోలారు పట్టణాన్ని ఆనుకుని శతశృంగ పర్వతం ఉంది. బెంగళూరు నుంచి సుమారు 70 కిలోమీటర్లు. కొండ మధ్యలో ఏడాది పొడుగునా నీరు వచ్చే ఊట ఒకటి ఉంది. అక్కడి వరకు రాతి మెట్లున్నాయి. అది హిందూ సోదరుల పవిత్ర స్థలం. అక్కడి నియమాలను గౌరవిస్తూ, చప్పుడు చేయకుండా, చెత్త వేయకుండా నడవాలి. మెట్లదారి వరకు రెండో రకం వారికి సరిపోతుంది. మూడో రకం వారు కొన్ని మెట్లెక్కి, నీడలో కూర్చుని, వెనక్కి రావచ్చు.

ఊట దాటి పైకి పోతే పెద్ద పెద్ద బండలు ఒకదాని మీద ఒకటి పడి ఏర్పడిన గుహలు వస్తాయి. సందుల్లో పాకాలి, చేతులతో పట్టుకుని ఎక్కాలి. ఇది మొదటి రకం వారికే. వారు కూడా దారి తెలిసిన మనిషి లేకుండా పోకూడదు. ఇరుకు చోట్లు చూస్తే గుండె దడ వచ్చేవారు, బరువు ఎక్కువున్నవారు వద్దనుకోవడమే మంచిది. కోతులు ఎక్కువ. చేతిలో ప్లాస్టిక్ సంచి కనిపిస్తే లాక్కుపోతాయి. పిల్లల చేతికి బిస్కెట్ పొట్లం ఇవ్వకండి.

కొండ ఎక్కలేని పెద్దలను ఇంట్లో వదిలి వెళ్ళనవసరం లేదు. కోలారు ఊళ్ళోనే హైదర్ అలీ తండ్రి ఫతహ్ ముహమ్మద్ సమాధి ఉన్న మఖ్బరా ఉంది. పెద్దలు అక్కడ ఫాతిహా చదువుకుని, నిదానంగా కొంతసేపు నడిచి, కొండ దిగివచ్చినవారితో కలిసి భోజనం చేయవచ్చు.

కృష్ణగిరి: పైన కోట, కింద చెరువు గట్టు గాలి

కృష్ణగిరి, హోసూరు ప్రాంతాల్లో మన తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. కృష్ణగిరి పట్టణం మీదికి వంగి చూస్తున్నట్టుండే కోట కొండను సయ్యద్ బాషా కొండ అంటారు. దారి నిటారుగా ఉంటుంది, నీడ తక్కువ. మొదటి రకం వారు, బాగా సాధన ఉన్న రెండో రకం వారు పొద్దున్నే ఎక్కి, ఎండ ముదరకముందే దిగిపోవాలి. పైన నీళ్ళు దొరుకుతాయని నమ్ముకోకుండా ఎవరి సీసా వారు తీసుకెళ్ళాలి.

మిగతావారికి ఊరికి దగ్గర్లోనే కె.ఆర్.పి. డ్యాం ఉంది. నంది కొండల దగ్గర పుట్టిన దక్షిణ పినాకిని ఇక్కడ ఆగుతుంది. ఆనకట్ట దగ్గర ఉద్యానవనంలో చదునుగా నడవవచ్చు, పిల్లలు ఆడుకోవచ్చు. నీటి అంచుకు మాత్రం పిల్లలను పోనివ్వకూడదు. కొండెక్కినవారు పది గంటలకల్లా దిగి, డ్యాం దగ్గర మిగతావారిని కలుసుకుంటే సరిపోతుంది.

సావనదుర్గం: కుర్రాళ్ళకు, అదీ పొడిరాయి మీదే

మాగడి దగ్గరున్న సావనదుర్గం 1226 మీటర్ల ఎత్తున నిలిచిన ఏకశిల. మైసూరు మూడో యుద్ధంలో 1791 డిసెంబరులో కారన్‌వాలిస్ సైన్యం పట్టుకున్న కోట ఇది. కొండ కింద హజ్రత్ సయ్యద్ గులాం ఖాద్రీ మజార్ ఉంది. మెట్లు లేవు, చాలాచోట్ల పట్టుకోవడానికి చెట్టు లేదు. బోడి రాతి మీద అరికాలి పట్టుతోనే ఎక్కాలి. పదిహేనేళ్ళు దాటిన ఆరోగ్యవంతులు, మంచి పట్టున్న బూట్లతో, ఇద్దరు ముగ్గురు కలిసి, పొద్దున్నే వెళ్ళాలి. చినుకు పడినా వెనక్కి రావాలి. తడిసిన ఆ రాతి మీద ధైర్యం పనిచేయదు. మజార్ దగ్గర, కింద చెట్ల నీడలో పెద్దలు నడవవచ్చు.

కర్ణాటకలో చాలా కొండదారులకు అటవీ శాఖ నుంచి ముందుగా అనుమతి తీసుకునే పద్ధతి ఉంది. ఇక్కడ చెప్పిన ఏ కొండకు వెళ్ళినా ముందు విచారించుకోండి.

దూరంగా ఉన్న పాఠకులకు

వేలూరు వారికి కోట అగడ్త పక్కన, షోలాపూర్ వారికి భుయికోట్ కోట తోటలో, బరంపురం వారికి గోపాల్‌పూర్ సముద్రపు ఒడ్డున, యానాం వారికి గౌతమీ గోదావరి గట్టున చదునైన నడక దొరుకుతుంది. సముద్రపు ఒడ్డున తడిసి గట్టిపడిన ఇసుక మీద నడవండి. పొడి ఇసుకలో కాలు కూరుకుపోయి మడమలు, పిక్కలు పట్టేస్తాయి.

ఎవరు ముందు, ఎవరు వెనక?

మన కుటుంబాలు నడిచే తీరు చూస్తే చిన్నవాళ్ళు ముందు పరుగెడతారు, తండ్రి వారిని అందుకోవాలని పోతాడు, తల్లి వెనక ఒంటరిగా ఆయాసపడుతూ వస్తుంది. ముందున్నవారు ఆగి చూస్తారు. ఆమె చేరుకోగానే "పదండి" అని మళ్ళీ బయలుదేరతారు. విశ్రాంతి అంతా బలమున్నవారికి, నడక అంతా బలహీనురాలికి! ఆమె మరోసారి రానంటే తప్పు ఎవరిది?

జమాతు నమాజును తేలికగా చేయించమని ఇమాములకు ఉన్న ఆదేశం మనకు తెలుసు. వెనుక నిలబడినవారిలో వృద్ధులు, బలహీనులు ఉంటారన్నదే దానికి కారణం. దైవప్రవక్త (స) ప్రయాణాల్లో వెనుక ఉండి, నడవలేని వారికి తోడ్పడేవారని హదీసు గ్రంథాలు చెబుతున్నాయి. హజ్రత్ ఆయిషా (రజి)తో ఆయన పరుగు పందెం వేసిన ఉల్లేఖనమూ ఉంది. ఇంటి ఆడవాళ్ళు బయట నడవడం చిన్నతనమని అనుకునేవారు దాన్ని గుర్తు చేసుకోవాలి.

అందుకని ప్రతి గుంపులోనూ అందరికన్నా నెమ్మదిగా నడిచే మనిషిని ముందు పెట్టండి. అందరికన్నా బలమైన మనిషి చివర ఉండాలి. నీళ్ళ బరువు అతని వీపు మీద ఉండాలి. ముందున్నవారు ఆగినప్పుడే అందరూ ఆగాలి. ఈ ఒక్క మార్పుతో పెద్దవాళ్ళు ఇదివరకటి కన్నా ఎక్కువ దూరం నడవడం నేను ఎన్నో కుటుంబాల్లో చూశాను. వెనకబడిపోయామన్న కంగారు లేకపోతే ఊపిరి కుదురుగా ఉంటుంది.

ఎవరి మిజాజ్‌కు ఏది?

సఫ్రావీ తత్వం వారికి (సన్నగా, త్వరగా వేడెక్కేవారికి) నీడ దారి, పొద్దుటి వేళ మంచిది. ఎండలో తలనొప్పి, వాంతులు వచ్చేది వీరికే. బల్గమీ తత్వం వారు (బరువుగా, మందకొడిగా ఉండేవారు) నడకంటే తప్పించుకుంటారు గానీ దాని లాభం అందరికన్నా ఎక్కువ పొందేది వారే. వీరు కాస్త చురుగ్గా నడవాలి. దమవీ తత్వం వారు (ఎర్రగా, నిండుగా ఉండేవారు) ముందు రక్తపోటు చూపించుకుని బయలుదేరాలి. సౌదావీ తత్వం వారికి (ఆలోచనలెక్కువ, నిద్ర తక్కువ ఉన్నవారికి) తోట, నీటి ఒడ్డు, మాటలాడే తోడు కావాలి. వారిని ఒంటరిగా నడవనివ్వకండి.

తిండి, నీళ్ళు, చక్కెర జబ్బు

మనవాళ్ళు కొండకు వెళుతున్నామంటే ముందు బిర్యానీ దేగ్చా కడిగిపెడతారు. తీసుకెళ్ళండి, నేను వద్దనను. కానీ దాన్ని నడక అయ్యాక, అరగంట కూర్చున్నాక తెరవండి. కడుపు నిండా తిని ఎక్కడం, ఖాళీ కడుపుతో ఎక్కడం రెండూ యునానీలో వద్దన్నవే. బయలుదేరే ముందు ఒక ఇడ్లీ, లేదా గ్లాసు రాగి జావ, రెండు మూడు ఖర్జూరాలు చాలు. దారిలో గుక్కెడు గుక్కెడుగా నీళ్ళు, ఉప్పేసిన మజ్జిగ తాగాలి. సికంజబీన్ వేడి తత్వం వారికి బాగుంటుంది గానీ అందులో తీపి ఉంటుంది కాబట్టి చక్కెర జబ్బు వారికి మజ్జిగే మేలు. రక్తపోటు ఉన్నవారు మజ్జిగలో ఉప్పు తగ్గించుకోవాలి. గుండె, మూత్రపిండాల జబ్బుతో నీళ్ళు కొలిచి తాగుతున్నవారు తమ డాక్టరు చెప్పిన కొలత మీరకూడదు.

చక్కెర జబ్బుకు ఇన్సులిన్ గానీ, చక్కెరను బాగా దించే మాత్రలు గానీ వాడేవారు ఏమీ తినకుండా నడిస్తే చక్కెర ఒక్కసారిగా పడిపోవచ్చు. చేతులు వణకడం, చల్లని చెమట, తికమక మాటలు దానికి గుర్తులు. వెంటనే కూర్చోబెట్టి, మనిషి తెలివిలో ఉంటే మూడు నాలుగు చెంచాల చక్కెర కలిపిన నీళ్ళు ఇవ్వాలి. తెలివి తప్పితే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. అందుకని చక్కెర పొట్లం వారి జేబులోనే ఉండాలి, కారులో ఉంటే లాభం లేదు. నడక రోజున మందు మోతాదు ఎలా ఉండాలో ముందుగానే డాక్టరును అడగండి. సొంతంగా మానేయకండి.

వారి పాదాల సంగతి మరీ ముఖ్యం. కొత్త చెప్పులతో కొండకు పోకూడదు. మేజోళ్ళు వేసుకోవాలి. ఇంటికి రాగానే వేళ్ళ సందుల్లో, మడమల్లో పుండుగానీ బొబ్బగానీ ఉందేమో వెలుతురులో చూడాలి. వేడినీళ్ళలో కాళ్ళు పెట్టవద్దు. స్పర్శ తగ్గిన పాదానికి కాలుతున్నా తెలియదు.

నడక తర్వాత మిగతావారు గోరువెచ్చని నువ్వుల నూనెతో పిక్కలకు, అరికాళ్ళకు కింది నుంచి పైకి మెల్లగా మర్దన చేసుకోవచ్చు. దీన్ని మనం 'దల్క్' అంటాం. అలసట త్వరగా దిగుతుంది. పిక్కలో ఒకచోట వాపు, వేడి, నొక్కితే నొప్పి ఉంటే మర్దన చేయకుండా డాక్టరుకు చూపించాలి.

బయలుదేరే ముందు గుర్తుంచుకోండి

• బుర్ఖా అంచు చీలమండ కంటే కిందికి ఉంటే మెట్ల మీద కాలికి చుట్టుకుంటుంది. కాస్త పైకి కుట్టించుకుని, లోపల సల్వారు వేసుకోండి. కాలికి పట్టున్న బూట్లు ఉండాలి. చెప్పులు జారతాయి.

• కోటల్లో, పెద్ద బండల కింద తేనెపట్లుంటాయి. గాఢమైన అత్తరు పూసుకుని పోకండి. పొగ పెట్టకండి. పిల్లలను రాళ్ళు విసరనివ్వకండి.

• మార్చి నుంచి మే వరకు తొమ్మిది గంటలకల్లా నడక ముగించండి. వానాకాలంలో తోటలు, చదును దారులే మేలు. కృష్ణగిరి, వేలూరు వైపు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు కూడా వానలుంటాయని మరవకండి.

• మొదటిసారి అందరూ కలిసి అరగంటే నడవండి. వారానికి ఐదేసి నిమిషాలు పెంచండి. ఆరు వారాలు ఇలా చేశాకే మెట్ల దారి.

• ఛాతీలో బరువు, చల్లని చెమట, ఊపిరి ఆడకపోవడం కనిపిస్తే అక్కడే కూర్చోబెట్టి 108కి ఫోన్ చేయండి. నడిపించకండి. ఏ హకీం మందు కోసమూ, నా మందు కోసమైనా సరే, ఎదురు చూడకండి.

• జొహర్ వేళకు ఎక్కడ ఉంటారో ముందే అనుకోండి. వజూకు నీళ్ళు, పరుచుకోవడానికి ఒక జానమాజ్ వెంట ఉంచుకోండి. మన వెంట తెచ్చిన చెత్త మన సంచిలోనే వెనక్కి రావాలి.

ఈ ఆదివారం ఎక్కడికి వెళ్ళాలన్న మాట ఇంట్లో వచ్చినప్పుడు, ముందు కుర్రాళ్ళను అడగకండి. వంటింట్లో ఉన్న అమ్మ దగ్గరికి వెళ్ళి, "నువ్వు ఎంత దూరం నడవగలవమ్మీ?" అని అడగండి. ఆమె చెప్పిన దూరాన్ని బట్టి ఊరు నిర్ణయించండి. బిర్యానీ ఆ పూటకు ఇంకెవరైనా వండాలి. ఆమె పొద్దున్నే కాళ్ళకు బూట్లు వేసుకోవాలి కదా.

అల్లాహ్ మన అందరికీ నడిచే కాళ్ళను, తోడు నడిచే మనుషులను ప్రసాదించుగాక. ఆమీన్.